హార్లెమ్‌లో బొమ్మల బడి పెట్టిన అగస్టా సావేజ్

ఇటుక బట్టీలున్న ఊళ్ళో పుట్టిన పిల్లలు మట్టితో ఆడుకోవడం వింతేమీ కాదు. అమెరికా దక్షిణ కొసన ఫ్లోరిడా రాష్ట్రంలో గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరు అలాంటిదే. అక్కడి నేలలో ఎర్రటి బంకమట్టి. 1892 ఫిబ్రవరి 29న, అంటే నాలుగేళ్ళకోసారి వచ్చే తేదీన, ఆ ఊళ్ళో ఒక పేద నల్లజాతి కుటుంబంలో అగస్టా క్రిస్టీన్ ఫెల్స్ పుట్టింది. పద్నాలుగు మంది సంతానంలో ఏడోది. నడక నేర్చిన కొద్దికాలానికే మట్టి ముద్దలతో బాతులు, కోడిపిల్లలు చేయడం మొదలుపెట్టింది. కొన్నవో, ఎవరో ఇచ్చినవో బొమ్మలు ఆ ఇంట్లో ఉండే అవకాశం లేదు కనుక తన బొమ్మలు తనే చేసుకుంది.

తండ్రి ఎడ్వర్డ్ ఫెల్స్ మెథడిస్టు చర్చి పాస్టరు. ప్రతిమలు చేయరాదన్న బైబిలు ఆజ్ఞను అక్షరాలా నమ్మినవాడు. కూతురు చేసే బాతుపిల్లలు కూడా ఆయన కంటికి ఆ తప్పు కిందికే వచ్చాయి. వారానికి నాలుగైదు సార్లు దెబ్బలు పడేవని ఆమె పెద్దయ్యాక చెప్పుకుంది. దెబ్బలు పడ్డ మర్నాడు మళ్ళీ మట్టి దగ్గరికే వెళ్ళేది. మన ఇళ్ళల్లో గోడల మీద బొగ్గుతో బొమ్మ గీసిన పిల్లవాడికి పడే దెబ్బ దేవుడి పేరు మీద పడదు, సున్నం ఖర్చు పేరు మీద పడుతుంది. అంతే తేడా.

పదిహేనేళ్ళకు ఆమెకు పెళ్ళయింది. మరుసటి ఏడు, 1908లో, ఐరీన్ అనే కూతురు పుట్టింది. కొన్నేళ్ళకే భర్త చనిపోయాడు. 1915 ప్రాంతంలో కుటుంబమంతా దక్షిణానికి, సముద్రం ఒడ్డునున్న వెస్ట్ పామ్ బీచ్‌కు మారింది. అక్కడంతా ఇసుక. బొమ్మ చేద్దామంటే మట్టి దొరకదు. అలా కొన్నేళ్ళు గడిచాక ఒకనాడు దారిలో ఒక కుండల తయారీ చోటు కనిపిస్తే లోపలికి వెళ్ళి మట్టి అడిగి తెచ్చుకుంది. ఆ మట్టితో చేసినవాటిలో ఒకటి మేరీమాత విగ్రహం. దాన్ని చూసి తండ్రి మనసు మారింది. ఆమె చదువుకున్న బడి ప్రిన్సిపాలు ఆ బొమ్మలు చూసి, పిల్లలకు మట్టిబొమ్మలు నేర్పమని రోజుకు ఒక డాలరు జీతం మీద ఆమెను పెట్టుకున్నాడు. అంటే అగస్టా సావేజ్ శిల్పిగా పేరు తెచ్చుకోకముందే ఉపాధ్యాయురాలయింది. తర్వాతి జీవితంలో ఈ రెండు పనులూ ఒకదాన్నొకటి మింగుతూ, ఒకదాన్నొకటి పోషిస్తూ సాగాయి.

1919లో ఆ జిల్లా ప్రదర్శనలో ఆమె బొమ్మలకు 25 డాలర్ల బహుమతి వచ్చింది. ప్రదర్శన నిర్వాహకుడు ఆమెను న్యూయార్కు వెళ్ళి చదువుకోమన్నాడు. ముందు జాక్సన్‌విల్ నగరంలో డబ్బున్న నల్లవాళ్ళ విగ్రహాలు చేసి నాలుగు డబ్బులు కూడబెడదామనుకుంది. చేయించుకునేవాళ్ళు పెద్దగా ముందుకు రాలేదు. కూతుర్ని తల్లిదండ్రుల దగ్గర వదిలి 1921లో న్యూయార్కు చేరేసరికి ఆమె దగ్గరున్నది 4 డాలర్ల 60 సెంట్లు. సావేజ్ అన్న ఇంటిపేరు రెండో భర్త నుంచి వచ్చింది. ఆ పెళ్ళి నిలవలేదు గాని పేరు నిలిచింది.

న్యూయార్కులో కూపర్ యూనియన్ అనే కళాశాల ఉంది. పీటర్ కూపర్ అనే పారిశ్రామికవేత్త కష్టజీవుల పిల్లల కోసం 1859లో పెట్టినది. అప్పట్లో ఫీజు లేదు. సీటు కోసం పెద్ద జాబితా ఉండేది. ఆమె చేసి చూపిన పని చూసి, జాబితాలో ముందున్న 142 మందిని దాటించి ఆమెకు సీటిచ్చారు. నాలుగేళ్ళ కోర్సు మూడేళ్ళలో పూర్తిచేసింది. మధ్యలో పని పోయి, అద్దె కట్టలేక చదువు మానేసే స్థితి వస్తే, కాలేజీ సలహా మండలి ఎప్పుడూ లేనిది తిండికీ గదికీ డబ్బిచ్చి ఆపింది. ఫీజు లేకపోవడం ఒక్కటే పేదపిల్లను చదివించదు, అద్దె, అన్నం కూడా ఎవరో ఒకరు చూడాలి అన్న సంగతి ఆ మండలిలో ఎవరికో అర్థమైందన్నమాట. హాస్టలు లేని ఊళ్ళలో పనిచేసిన మాస్టార్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆమె ఉన్నది హార్లెమ్‌లో. న్యూయార్కు నగరం ఉత్తరపు భాగమది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల నుంచి దక్షిణాది పత్తిచేల నుంచి, అక్కడి చంపుళ్ళ నుంచి, అవమానాల నుంచి తప్పించుకుని లక్షలమంది నల్లవాళ్ళు ఉత్తరాది నగరాలకు తరలివచ్చారు. హార్లెమ్ వాళ్ళ రాజధాని లాంటిదైంది. కవులు, పాటగాళ్ళు, పత్రికలవాళ్ళు అక్కడే ఉండేవారు. 135వ వీధిలోని గ్రంథాలయం వాళ్ళ కూడలి. ఆ గ్రంథాలయం కోసమే అగస్టా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ విగ్రహాన్ని ఛాతీ వరకు చేసింది. మరో నాయకుడు మార్కస్ గార్వీ విగ్రహమూ చేసింది.

ఇంతలో 1923 వచ్చింది. ఫ్రాన్సులో పారిస్ దగ్గర ఫాంటెన్‌బ్లో రాజభవనంలో అమెరికా విద్యార్థుల కోసం వేసవి కళాపాఠశాల నడిచేది. ఆమె దరఖాస్తు పెట్టుకుంది. ఎంపిక చేసేది అమెరికాలోని పేరున్న కళాకారుల, వాస్తుశిల్పుల సంఘం. దరఖాస్తుదారు నల్లమ్మాయి అని తెలిశాక తిరస్కరించారు. అలబామా నుంచి వస్తున్న తెల్లమ్మాయిలకు ఆమెతో కలిసి ప్రయాణం చేయడం, ఒకచోట ఉండడం ఇబ్బందిగా ఉంటుందన్నది బయటపడ్డ కారణం. తిరస్కారం ఆమెకు కొత్త కాదు. కొత్తది ఏమిటంటే, ఆమె ఊరుకోలేదు. పత్రికలకు రాసింది. తనకు పై చదువు దొరకకపోతే మిగిలిన అమెరికన్ కళాకారులతో ఏ విధంగా పోటీపడాలని అడిగింది. డుబోయిస్ వంటివాళ్ళు సంఘానికి ఉత్తరాలు రాశారు. నిర్ణయం మారలేదు. సంఘంలో ఒక్కరు, హెర్మన్ మెక్‌నీల్ అనే శిల్పి, సిగ్గుపడి తన స్టూడియోలో పని నేర్చుకోమని పిలిచాడు. ఆమె వెళ్ళి నేర్చుకుంది.

ఆ రచ్చ వల్ల ఆమె పేరు దేశమంతా తెలిసింది. గొడవపడే మనిషి అన్న ముద్ర కూడా పడింది. ప్రదర్శనశాలలు నడిపే పెద్దమనుషులు అలాంటి ముద్రను త్వరగా మరచిపోరు. ఆ తర్వాత ఆమెకు అందకుండాపోయిన అవకాశాల్లో ఈ ముద్ర ఖరీదు ఎంతో లెక్కకట్టడం ఎవరివల్లా కాదు.

అదే ఏడు రాబర్ట్ లింకన్ పోస్టన్ అనే ఉద్యమకారుణ్ణి పెళ్ళాడింది. గార్వీ ఉద్యమం తరఫున ఆఫ్రికాలోని లైబీరియాకు వెళ్ళి ఓడలో తిరిగివస్తూ 1924లో ఆయన చనిపోయాడు. 1925లో డుబోయిస్ ప్రయత్నంతో రోములోని రాయల్ లలితకళా అకాడమీలో చదువుకు ఉపకారవేతనం దొరికింది. అది ఫీజుకు మాత్రమే. ఓడ ఛార్జీకి, అక్కడ బతకడానికి డబ్బు లేదు. ఆమె లాండ్రీలో బట్టలుతికి, ఇస్త్రీ చేసి కూడబెడుతుంటే ఫ్లోరిడా నుంచి కబుర్లు వచ్చాయి. తండ్రికి పక్షవాతం. తర్వాత తుపానులో ఇల్లు పోయింది. ఒక్కొక్కరుగా కుటుంబమంతా ఆమె చిన్న ఇంటికే చేరారు. రోము ప్రయాణం అక్కడితో ఆగిపోయింది.

1929లో ఆమె ఒక హార్లెమ్ కుర్రవాడి బొమ్మ చేసింది. పేరు గామిన్, అంటే వీధిపిల్లాడు. నమూనాగా కూర్చున్నది ఆమె మేనల్లుడే అంటారు. కాస్త పక్కకు వాల్చిన టోపీ, నలిగిన చొక్కా, ఎవరినీ అంత తొందరగా నమ్మని చూపు. జానెడు ఎత్తు ప్లాస్టరు బొమ్మ. అప్పటిదాకా అమెరికా బొమ్మల్లో నల్లపిల్లవాడంటే పళ్ళికిలించే వెక్కిరింపు బొమ్మే ఎక్కువ. ఈ పిల్లవాడు నవ్వడు. మన వీధిలో బడి ఎగ్గొట్టి తిరిగే కుర్రాడిని నిలబెట్టి పేరడిగితే ఎలా చూస్తాడో అలా చూస్తాడు. ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

ఆ బొమ్మే ఆమెను ఐరోపా చేర్చింది. జూలియస్ రోజెన్‌వాల్డ్ నిధి నుంచి ఫెలోషిప్ వచ్చింది. సియర్స్ అనే పెద్ద వ్యాపార సంస్థ అధిపతి రోజెన్‌వాల్డ్. దక్షిణాది పల్లెల్లో నల్లపిల్లల కోసం అయిదు వేలకు పైగా బడి భవనాలు లేవడానికి సాయం చేసిన నిధి అది. ఊరివాళ్ళు తమ వంతు డబ్బో, కలపో, కూలో వేసుకోవాలి, మిగతాది నిధి ఇస్తుంది, అదీ పద్ధతి. హార్లెమ్‌లో సామాన్యులు కూడా చందాలు వేసి ఆమె ప్రయాణానికి సాయపడ్డారు. పారిస్‌లో గ్రాండ్ షొమియేర్ అకాడమీలో నేర్చుకుంది, అక్కడి సలాన్ ప్రదర్శనల్లో ఆమె శిల్పాలు చోటు సంపాదించాయి.

తిరిగి వచ్చేసరికి అమెరికా మారిపోయింది. 1929 చివర మార్కెట్ కుప్పకూలాక మహామాంద్యం. బ్యాంకులు మూతపడ్డాయి. రొట్టె కోసం వీధుల్లో వరసలు. మామూలు రోజుల్లోనే చివరగా పని దొరికి ముందుగా పని పోయే హార్లెమ్‌వాళ్ళ గతి ఎలా ఉండాలి! శిల్పాలు కొనేవాళ్ళు ఎవరూ లేరు. పారిస్‌లో పేరు తెచ్చుకున్న శిల్పి అప్పుడు చేయగలిగిన పనులు రెండు. తెల్లవాళ్ళ గ్యాలరీల చుట్టూ తిరగడం ఒకటి. తలుపు తీసి పెట్టడం రెండోది.

1932లో పశ్చిమ 143వ వీధిలో ఒక నేలమాళిగలో సావేజ్ స్టూడియో తెరిచింది. గీయాలన్నా, రంగులు వేయాలన్నా, మట్టి పిసకాలన్నా ఎవరైనా రావచ్చు. ఫీజు లేదు. బడి వదిలాక పిల్లలు వచ్చేవారు, పని వదిలాక పెద్దలు వచ్చేవారు. బట్టలు ఇస్త్రీ చేసే పనిలో ఉన్న నార్మన్ లూయిస్ వచ్చాడు, తర్వాత పేరున్న నైరూప్య చిత్రకారుడయ్యాడు. మాంద్యం వల్ల హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చదువు ఆగిపోయిన గ్వెండొలిన్ నైట్ వచ్చింది. విలియం ఆర్టిస్, ఎర్నెస్ట్ క్రిక్‌లో వచ్చారు. కొంతకాలం మట్టి పట్టుకున్న కెనెత్ క్లార్క్ శిల్పి కాలేదు, మనస్తత్వ శాస్త్రవేత్త అయ్యాడు. నల్లబొమ్మ, తెల్లబొమ్మ ముందు పెట్టి నల్లపిల్లల్ని ఏది మంచిదో చెప్పమన్న పరీక్షలు ఆయన, ఆయన భార్య మేమీ చేసినవే. చాలామంది పిల్లలు తెల్లబొమ్మనే మంచిదన్నారు. తెల్లపిల్లలకూ నల్లపిల్లలకూ వేరు బళ్ళు చెల్లవని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో క్లార్క్ పరిశోధన ప్రస్తావన ఉంది. బొమ్మల బడికి వచ్చిన ప్రతి పిల్లా బొమ్మలు వేసేవాడే కావాలని ఏముంది.

కార్నెగీ సంస్థ 1500 డాలర్లు ఇచ్చాక పిల్లల తరగతులు పెద్దవయ్యాయి. 1934లో అమెరికా మహిళా చిత్రకారుల, శిల్పుల జాతీయ సంఘంలోకి ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ ఆమె. కాని అప్పటికే ఆమె రోజులో ఎక్కువ భాగం ఇతరుల చేతులు సరిదిద్దడానికే పోతోంది.

ఇక్కడ ప్రభుత్వం కథలోకి వస్తుంది. అధ్యక్షుడు రూజ్వెల్టు నిరుద్యోగులకు పని కల్పించే పథకం 1935లో తెచ్చాడు. రోడ్లు, వంతెనలు, బడులు కట్టించారు. దాంతో పాటు కళాకారుడు కూడా పనివాడే, వాడికీ ఆకలేస్తుంది అన్న మాటను ఒప్పుకుని, అందులో ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు అన్న విభాగం పెట్టారు. దానికి అధిపతి హోల్గర్ కేహిల్. తత్త్వవేత్త జాన్ డ్యూయీ భావాలు ఒంటబట్టిన మనిషి. బి.ఇడి.లో డ్యూయీని పరీక్ష కోసం చదివి మరచిపోయినవాళ్ళం చాలామందిమి. ఆ భావాలు ఒక ప్రభుత్వ పథకమై వీధిలోకి వస్తే ఎలా ఉంటుందో ఇక్కడ కనిపిస్తుంది. ఒకరిద్దరు మేధావులు గొప్ప చిత్రాలు వేస్తే చాలదు, ఊరి జనం రోజువారీ బతుకులో కళ ఉండాలి అన్నది కేహిల్ పట్టు. వారం జీతం మీద చిత్రకారుల్ని పెట్టుకుని బడులు, ఆస్పత్రుల గోడల మీద బొమ్మలు వేయించారు. ఎనిమిదేళ్ళలో రెండున్నర వేల పైచిలుకు గోడచిత్రాలు, లక్షకు పైగా చిత్రాలు తయారయ్యాయి. అవి లెక్కకు కనిపించేవి. దేశమంతా వందకు పైగా పెట్టిన సామాజిక కళాకేంద్రాలు మాత్రం నా లెక్కలో వాటికన్నా పెద్ద పని. చోటు, అద్దె, సామాను ఆ ఊరివాళ్ళు చూసుకోవాలి, నేర్పే కళాకారుడి జీతం ప్రభుత్వం ఇస్తుంది. మ్యూజియం ముఖం చూడని ఊళ్ళల్లో ఇవి వెలిశాయి.

పథకం పైన అందరికీ ఒకటే అని రాసి ఉంది. కింద ఆఫీసులో బల్ల దగ్గర అలా జరగలేదు. నల్ల కళాకారులు ఉన్నారన్న సంగతే తెలియదన్నట్టు ఉండేవారు అధికారులు. వాళ్ళలో పర్యవేక్షకుడి స్థాయి ఇవ్వదగినవారు లేరన్నారు. అగస్టా తదితరులు 1935లో హార్లెమ్ కళాకారుల సంఘం కట్టి, పేర్ల జాబితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. మరుసటి ఏడు న్యూయార్కులో ఆమె కూడా పర్యవేక్షకుల్లో ఒకరయింది. 1936లోనే హార్లెమ్ ఆస్పత్రి గోడలకు ఛార్లెస్ ఆల్‌స్టన్ మొదలైనవాళ్ళు గీసిన నమూనాల్ని ఆస్పత్రి అధికారి తిప్పికొట్టాడు. కారణం, వాటిలో నల్లవాళ్ళు ఎక్కువ కనిపిస్తున్నారట. చుట్టూ ఉన్నదంతా నల్లవాళ్ళ పేట, వచ్చే రోగుల్లో ఎక్కువమంది వాళ్ళే. సంఘం గొడవ చేసింది, పత్రికల్లో వచ్చింది. చివరికి బొమ్మలు గోడలెక్కాయి.

ఈ తిరుగుళ్ళలో ఒక చిన్న సంగతి నాకు పెద్ద అధికార పదవులకన్నా ఎక్కువ నచ్చింది. జేకబ్ లారెన్స్ అనే కుర్రవాడు పదమూడో ఏట తల్లితో హార్లెమ్ వచ్చాడు. చదువు మధ్యలో ఆగింది. కూలీనాలీ చేస్తూ, దొరికిన తరగతుల్లో బొమ్మలు వేసేవాడు. అగస్టా అతణ్ణి వెంటబెట్టుకుని ప్రాజెక్టు ఆఫీసుకు తీసుకెళ్ళింది. వయసు చాలలేదు, 21 నిండాలి, అన్నారు. కుర్రవాడు ఆ విషయమే మరచిపోయాడు. ఏడాది తర్వాత అతనికి 21 నిండగానే ఆమె మళ్ళీ వచ్చి, మళ్ళీ ఆఫీసుకు తీసుకెళ్ళి, పేరు రాయించింది. వారానికి 23 డాలర్ల 86 సెంట్లు, పద్దెనిమిది నెలలు. వేరే కూలి అక్కర్లేకుండా బొమ్మలే వేసుకునే పద్దెనిమిది నెలలు. ఆ తర్వాత 1941కల్లా దక్షిణాది నుంచి ఉత్తరాదికి సాగిన వలస మీద 60 చిత్రాల వరస పూర్తిచేశాడు. వాటిలో సగం న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం కొన్నది, సగం వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ సంస్థ కొన్నది. ఆ దరఖాస్తు సంగతి ఆమె కూడా మరచిపోయి ఉంటే అతనికి ఆ పద్దెనిమిది నెలలు దొరికేవా? బడి మానేసిన విద్యార్థి పుట్టినరోజు ఏడాది పాటు గుర్తుపెట్టుకోవడం అంటే ఏమిటో హాజరుపట్టీలు రాసే మనకు తెలుసు.

1937 చివర్లో లెనాక్స్ అవెన్యూలో హార్లెమ్ సామాజిక కళాకేంద్రం తెరిచారు. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్వెల్టు ప్రారంభోత్సవానికి వచ్చారు. మొదటి డైరెక్టరు అగస్టా సావేజ్. రేఖాచిత్రం, రంగులు, శిల్పం, కుండలు, నేత, కుట్టుపని, ఫొటోగ్రఫీ, అచ్చుచిత్రాలు, అన్నీ ఉచితంగా నేర్పేవారు. పగలు పిల్లలు, రాత్రి పెద్దలు. మొదటి ఏడాదిన్నర లోపే దాదాపు 1500 మంది చేరారు. నేర్పేవాళ్ళలో చాలామంది కొన్నేళ్ళ కింద ఆమె నేలమాళిగలో నేర్చుకున్నవాళ్ళే. అక్కడ రాతి అచ్చు పని పట్టుకున్న రాబర్ట్ బ్లాక్‌బర్న్ అనే కుర్రవాడు తర్వాత న్యూయార్కులో సొంత అచ్చుశాల పెట్టి, ఏ జాతివాళ్ళకైనా, ఏ దేశంవాళ్ళకైనా తలుపు తీసి ఉంచాడు. మిగతా దేశంలోని కళాకేంద్రాలకు హార్లెమ్ కేంద్రాన్ని నమూనాగా చూపించేవారు.

పిల్లలకు బొమ్మలు నేర్పితే తిండి పెడుతుందా అన్న ప్రశ్న హార్లెమ్ తల్లులు కూడా అడిగే ఉంటారు. మన ప్రశ్నే. పదో తరగతిలో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల మాస్టారు వచ్చి సిలబస్ పూర్తిచేసుకునే పీరియడ్ అన్న సంగతి తల్లిదండ్రులకు తెలియకపోవచ్చు గాని ఉపాధ్యాయులకు తెలుసు. ఆకలి రోజుల్లో, సగం పేట నిరుద్యోగంలో ఉండగా, జనం మగ్గం నేర్చుకోవడానికి, బొమ్మ గీయడానికి మెట్లెక్కి వచ్చారన్నది మాత్రం జరిగిన విషయం.

కేంద్రం తెరిచిన కొద్ది రోజులకే ఆమెకు జీవితంలో అతిపెద్ద పిలుపు వచ్చింది. 1939లో న్యూయార్కులో జరగబోయే ప్రపంచ ప్రదర్శనకు ఒక శిల్పం చేయమన్నారు. సంగీతానికి నల్లజాతి ఇచ్చినది ఇతివృత్తం. ఆమె ఒక పాటను తీసుకుంది. నల్లజాతి గీతంగా పేరుపొందిన ఆ పాటను రాసినవాడు జేమ్స్ వెల్డన్ జాన్సన్, స్వరపరిచింది ఆయన తమ్ముడు. జాన్సన్ అప్పుడు జాక్సన్‌విల్‌లో బడి ప్రిన్సిపాలు. 1900లో లింకన్ జయంతికి 500 మంది బడిపిల్లలు పాడడానికి రాశాడు. రాసినవాళ్ళు ఆ తర్వాత న్యూయార్కు వెళ్ళిపోయారు. పిల్లలు మాత్రం ఆ పాటను వదల్లేదు. పెరిగి మాస్టార్లయి వేరే ఊళ్ళ బళ్ళల్లో నేర్పారు, అలా దేశమంతా పాకింది. అగస్టా పుట్టిన ఊరు ఆ జాక్సన్‌విల్‌కు దగ్గరే.

పదహారు అడుగుల ఎత్తున ఆమె ఒక హార్ప్ వాద్యాన్ని నిలబెట్టింది. తీగల బదులు వరసగా నిలబడి గొంతెత్తి పాడే పన్నెండు మంది నల్ల బాలబాలికలు. పొడవాటి అంగరఖాల మడతలే తీగల గీతలు. వాళ్ళను మోస్తున్న అడుగుభాగం దేవుడి చేయి. ముందు మోకాళ్ళ మీద ఒక యువకుడు స్వరపత్రం పట్టుకుని ఉంటాడు. ప్రతిమలు చేయరాదని కొట్టిన పాస్టరు కూతురు చివరికి దేవుడి చేతినే మలిచింది. దాదాపు రెండేళ్ళు పట్టింది. ప్లాస్టరుతో చేసి నల్లరాయిలా కనిపించే పూత పూశారు. లక్షలాది మంది చూశారు, పోస్టుకార్డులు అచ్చయ్యాయి, చిన్న లోహపు నమూనాలు జ్ఞాపికలుగా అమ్మారు. పాట పేరే శిల్పానికి పెట్టింది ఆమె. నిర్వాహకులు హార్ప్ అని మార్చారు.

1940లో ప్రదర్శన ముగిసింది. కంచులో పోత పోయించడానికి ఆమె దగ్గర డబ్బు లేదు. ఎక్కడైనా భద్రపరచడానికీ లేదు. ఇంకెవరూ ముందుకు రాలేదు. తాత్కాలికంగా కట్టినవన్నీ కూలగొట్టేటప్పుడు దాన్నీ బుల్డోజరు పెట్టి పొడిచేశారు.

శిల్పం కోసం సెలవు పెట్టి వెళ్ళిన ఆమె తిరిగివచ్చేసరికి కళాకేంద్రంలో తన కుర్చీ లేదు. అప్పటిదాకా సహాయకురాలిగా ఉన్న రచయిత్రి గ్వెండొలిన్ బెనెట్ డైరెక్టరుగా ఉన్నారు. బెనెట్ సమర్థురాలే, తప్పు ఆమెది కాదు. తనే మొదలుపెట్టిన చోటికి అగస్టా మళ్ళీ చేరలేకపోయింది. 1939 జూన్‌లో సొంతంగా నల్లజాతి కళాకారుల కోసం ఒక ప్రదర్శనశాల తెరిచింది. ప్రారంభం రోజు 500 మందికి పైగా వచ్చారు. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు, కొన్నవాళ్ళు తక్కువ. కొన్ని నెలల్లో మూసేయాల్సి వచ్చింది. ప్రపంచయుద్ధం ముదిరాక ప్రభుత్వ పథకం ఆగింది, హార్లెమ్ కళాకేంద్రమూ మూతపడింది.

పాఠాలు చెప్పకుండా తన పని తను చేసుకుని ఉంటే ఎంత పెద్ద శిల్పి అయ్యేదో అని ఆమె గురించి రాసేవాళ్ళు అంటుంటారు. ఆ మాటలో నిజముంది, తేలిగ్గా తీసేయకూడదు. చేసినవాటిలో చాలా భాగం ప్లాస్టరు, కంచు కొనే స్తోమత లేక. పగిలినవి పగలగా, పోయినవి పోగా, చాలా శిల్పాల జాడ ఈనాటికీ లేదు. బడిలో పిల్లల కోసం పోయిన సాయంత్రాలు తిరిగి రావు. ఆమెకూ ఈ లెక్క తెలుసు. తన పిల్లలు చేయబోయే పనిలోనే తన గుర్తు మిగులుతుందని 1935లోనే అన్నది. ఎంచుకుని చేసిన పని అది. అయినా కంచు కొనిచ్చేవాళ్ళు ఒక్కరున్నా ఆమె ఆ రెండింటిలో ఒకటి ఎంచుకోవలసిన అవసరమే ఉండేది కాదు.

1940ల నడుమ ఆమె న్యూయార్కు వదిలి ఉత్తరాన కొండల దగ్గర సాగర్టీస్ అనే పల్లెటూరికి వెళ్ళిపోయింది. కోళ్ళు, పావురాలు పెంచింది. గుడ్లు అమ్మింది. పుట్టగొడుగులు పెంచే ఒక సంస్థ ప్రయోగశాలలో సహాయకురాలిగా పనిచేసింది. వేసవిలో పిల్లల శిబిరాలకు వెళ్ళి మట్టిబొమ్మలు నేర్పేది. పిల్లల కోసం కథలు రాసుకునేది. పాత స్నేహితులకు ఆమె ఎక్కడుందో సరిగా తెలియదు. చివర్లో జబ్బుపడి న్యూయార్కులో కూతురు ఐరీన్ దగ్గరికి చేరి, 1962 మార్చి 26న క్యాన్సరుతో కన్నుమూసింది. పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు.

జేకబ్ లారెన్స్, గ్వెండొలిన్ నైట్ 1941లోనే పెళ్ళి చేసుకున్నారు. లారెన్స్ 1971 నుంచి సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బొమ్మలు నేర్పాడు. 135వ వీధి గ్రంథాలయం ఇప్పుడు షాంబర్గ్ కేంద్రం అన్న పేరుతో నల్లజాతి చరిత్రకు పెద్ద భాండాగారంగా ఉంది. బాల్టిమోర్ నగరంలో ఒక హైస్కూలుకు అగస్టా పేరు పెట్టారు. సాగర్టీస్‌లో ఆమె ఉన్న ఇంటిని ప్రభుత్వం చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది. 1939లో ప్రదర్శన చూడడానికి వచ్చినవాళ్ళు జ్ఞాపకంగా కొనుక్కెళ్ళిన ఆ చిన్న లోహపు హార్ప్‌లు కొన్ని ఇళ్ళ బీరువాల్లోంచి బయటికొచ్చి మ్యూజియాలకు చేరాయి. అడుగు ఎత్తు కూడా ఉండవు. పన్నెండు మంది పిల్లలూ అందులో పాడుతూనే ఉంటారు.